508, 509 పిన్‌కోడ్‌ల పిల్లలకు ఒక వాటర్ ఫిల్టర్ మెకానిక్ బహిరంగ లేఖ

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

మీ ఇంటి పిన్‌కోడ్ 508తోనో 509తోనో మొదలైతే ఈ ఉత్తరం మీకే. నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి మొదటి లెక్కలోకి వస్తాయి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట రెండో లెక్కలోకి. మీలో కొందరు నల్లగొండ ఎన్జీ కాలేజీలో చదువుతున్నారు, కొందరు పాలమూరు యూనివర్సిటీలో, ఇంకెందరో హైదరాబాద్ హాస్టళ్లలో. ఎక్కడున్నా ఇంట్లోకి ఏ వస్తువు రావాలన్నా ఫోన్‌లో చూసి, పోల్చి, ఆర్డర్ పెట్టేది మీరే. "మా పోరడు చూస్తడు", "మా బిడ్డ చూస్తది" అని అమ్మానాన్నలు మీ మీద భారం పెట్టి నిశ్చింతగా ఉన్నారు.

నేను 14 ఏళ్లుగా చండూరు, మునుగోడు, నాంపల్లి, మర్రిగూడ మండలాల్లో బండి మీద తిరుగుతూ వాటర్ ఫిల్టర్లు బాగుచేస్తున్నాను. కొత్తవి అమ్మను. ఏ కంపెనీకీ ఏజెంటును కాను. మీరు ఫోన్‌లో కొన్నవి ఎన్నాళ్లు పనిచేస్తున్నాయో, ఎక్కడ చెడిపోతున్నాయో మూత తీసి చూసేవాణ్ని. అందుకే చెప్పాలనిపించింది.

పోయిన ఎండాకాలం మర్రిగూడ దగ్గర ఒక ఊరికి పోయాను. ఫిల్టర్‌లోంచి నీళ్లు సన్నగా వస్తున్నాయని పిలిచారు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదివే అమ్మాయి సెలవులకు ఇంటికొచ్చి ఉంది. ఫిల్టర్ ఆర్డర్ పెట్టింది ఆ పిల్లే. "అన్నా, తొందరపడి కొన్నది కాదు. వారం రోజులు చూసిన. వంద రివ్యూలన్నా చదివిన. 4.4 స్టార్లు ఉంది" అంది. ఫోన్ తీసి చూపించింది కూడా. మూడు మోడళ్లు పక్కపక్కన పెట్టి పోల్చిన పట్టిక, ఏ వారం ఏ ధర ఉందో నోట్ చేసుకున్న కాగితం, అన్నీ ఉన్నాయి. అంత శ్రద్ధగా కొన్నవాళ్లను నేను అరుదుగా చూశాను.

మూత తీసి, నీళ్లలోని ఉప్పులను ఆపే పొర, అంటే మెంబ్రేన్, ఉండే గొట్టం విప్పాను. మెంబ్రేన్ కొసకు తెల్లగా సున్నం కట్టి ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. కొని ఎనిమిది నెలలే అయింది. నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరు ముందు బోరు నీళ్ల బకెట్లో ముంచాను, 1,150 చూపించింది. ఫిల్టర్ నీళ్ల గ్లాసులో ముంచితే 430. మెంబ్రేన్‌తో వడకట్టే ఆర్ఓ ఫిల్టర్ నీళ్లలో 430 వచ్చిందంటే లోపల ఎక్కడో బోరు నీళ్లు కలుస్తున్నట్టే. వెతికితే దొరికింది. టీడీఎస్ కంట్రోలర్ అని ఒక చిన్న స్క్రూ ఉంటుంది, నీళ్లు మరీ చప్పగా లేకుండా రుచి కోసం పెడతారు. అది బాగా తెరిచి ఉంది. బిగించడానికి వచ్చిన మనిషి "చప్పగా ఉంటే తాగలేరమ్మా" అని తిప్పిపోయాడట. ఆ స్క్రూ పని ఒక్కటే. మెంబ్రేన్ గుండా పోని నీళ్లను కొన్ని తెచ్చి శుద్ధి అయిన నీళ్లలో కలుపుతుంది. ఆ నీళ్లతో పాటు అందులోని ఉప్పులన్నీ వస్తాయి, ఫ్లోరైడ్ కూడా వస్తుంది.

రెండు సీసాల్లో నీళ్లు పట్టి ల్యాబ్‌లో ఇచ్చాం. బోరు నీళ్లలో లీటరుకు 4.1 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. ఫిల్టర్ నీళ్లలో 1.6. మన దేశపు తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటొద్దంటుంది. వేరే నీళ్లు దొరికే దారే లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటుంది. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో నాలుగేళ్ల పిల్లవాడితో సహా అందరూ మంచినీళ్లు తాగుతున్నామనే అనుకున్నారు. వాకిట్లో మంచం మీద అవ్వ కూర్చుని మా మాటలు వింటోంది. ఏళ్లుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఆమె మోకాళ్లు ముడుచుకోవు, మెడ పక్కకు తిరగదు. ఫ్లోరైడ్ అంటే ఏంటో ఆ ఇంటికి నేను కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

ఆ అమ్మాయి ముఖం చూస్తే నాకే బాధేసింది. "మరి అంతమంది బాగుందని ఎట్ల రాసిన్రన్నా?" అని అడిగింది. ఇద్దరం కూర్చుని ఆ రివ్యూలు మళ్లీ చదివాం. కొన్ని యాప్‌లలో రాసినవాళ్ల పేరు కింద ఊరి పేరు కూడా ఉంటుంది కదా, ఈసారి ఊర్లు చూస్తూ చదివాం. పుణె ఆయన నీళ్లు తియ్యగా ఉన్నాయన్నాడు. బెంగళూరు ఆమె ఏడాదిన్నరైనా ఒక్క ఫిల్టరూ మార్చలేదని రాసింది. ఢిల్లీ నుంచి ఒకాయన బిగించిన తీరు మెచ్చుకున్నాడు. వాళ్లెవరూ అబద్ధం రాయలేదు. వాళ్ల ఇళ్లకు వచ్చేవి కార్పొరేషన్ కుళాయి నీళ్లయితే ఏ ఫిల్టరైనా హాయిగా పనిచేస్తుంది. మన కింద ఉన్నది గ్రానైట్ రాయి. ఆ రాతిలోని ఫ్లోరైడ్ కరిగి బోరు నీళ్లలోకి దిగుతుంది. వాళ్ల నీళ్ల మీద రాసిన మాటను మనం మన నీళ్లకు నమ్ముకున్నాం.

నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసేసే పద్ధతి ఒకటుంది. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ కనిపెట్టిన ఆ పద్ధతి పేరు నల్లగొండ టెక్నిక్. పై దేశాల్లో ఫ్లోరైడ్ గురించి చదువుకునేవాళ్లకు కూడా మన జిల్లా పేరు అట్లా తెలుసు. అదే షాపింగ్ యాప్ తెరిచి వాటర్ ఫిల్టర్ కింద రివ్యూలు చూస్తే మన పేరు కనబడదు. ఆ రోజు మేమిద్దరం ఎంత కిందికి జరిపినా నల్లగొండ నుంచి ఒక్కటీ, మహబూబ్‌నగర్ నుంచి ఒక్కటీ దొరకలేదు. మనవాళ్లు కొనట్లేదా అంటే, నేను వారానికి పది ఇళ్లలో మూత తీస్తాను, ఆన్‌లైన్‌లో కొన్నవి సగానికి తక్కువ ఉండవు. కొంటున్నారు, చదువుతున్నారు, రాయట్లేదు.

నేను మిమ్మల్ని అడుగుతున్నది ఇదే. రాయండి. అంతకుముందు చదివే పద్ధతి కొంచెం మార్చండి.

మొదట మీ ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారో తెలుసుకోండి. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు శుద్ధి అయి రోజూ వస్తున్న ఇంటికి నా లెక్కలో ఆర్ఓ అవసరమే లేదు, క్రిములను చంపే యూవీ దీపమో, మురికిని ఆపే యూఎఫ్ జల్లెడో ఉన్న చిన్న ఫిల్టర్ చాలు. ఆర్ఓ పెడితే తాగే నీళ్లకు రెండింతలు మోరీలో పోతాయి. అదే బోరు నీళ్లు తాగుతుంటే యూవీ, యూఎఫ్ ఫ్లోరైడ్‌ను ఏమీ చేయలేవు, ఆర్ఓ కావాల్సిందే. నీళ్లు కాచితే పోతుందని ఊళ్లలో ఇప్పటికీ అనుకుంటారు. పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఇంకో మాట, ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకు దొరికే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను చూపించదు. మొత్తం ఉప్పులు ఎన్నో చెబుతుందంతే. 600 చూపించే రెండు బోర్లలో ఒకదాంట్లో ఫ్లోరైడ్ ఏమీ లేకపోవచ్చు, రెండోదాంట్లో మూడు మిల్లీగ్రాములు ఉండొచ్చు. అది ల్యాబ్‌లోనే తేలుతుంది. కొనే ముందు ఒక్కసారి సీసాతో నీళ్లిచ్చి పరీక్ష చేయించండి. ఆ కాగితం చేతిలో ఉంటే ఏ రివ్యూ మీకు పనికొస్తుందో, ఏది పనికిరాదో వెంటనే తెలిసిపోతుంది.

'కంపేర్' నొక్కితే వచ్చే పట్టిక సంగతి. ఏడు స్టేజీలు, తొమ్మిది స్టేజీలు, కాపర్, ఆల్కలైన్ అని పై వరసల్లో పెద్దగా కనబడతాయి. తొమ్మిది ఉన్నది ఏడు ఉన్నదానికంటే మంచిదనే ఎవరికైనా అనిపిస్తుంది. నేను విప్పి చూసినవాడిగా చెబుతున్నా, స్టేజీల లెక్కతో మీకు పని లేదు. పట్టిక కిందికి పొండి. ఎంత టీడీఎస్ నీళ్ల వరకు పనికొస్తుంది అన్న గడి చూడండి. అక్కడ 2,000 అని ఉందా, 500 అని ఉందా, అసలు ఏమీ రాయలేదా? ఏమీ రాయకపోతే పక్కకు పెట్టేయండి. తర్వాత ఆ మోడల్ ఫిల్టర్ల సెట్టు, మెంబ్రేన్ ఎంతకు దొరుకుతున్నాయో విడిగా వెతకండి. ఏ పట్టికలోనూ ఆ గడి ఉండదు, జేబు ఖాళీ అయ్యేది మాత్రం అక్కడే. ఉదాహరణకు ఒకటి 7,500 రూపాయలు, ఇంకోటి 11,000 అనుకోండి. మొదటిదానికి ఆ కంపెనీ ఫిల్టర్లే పడతాయి, ఏడాదికి 4,000 అవుతుంది. రెండోదానికి నల్లగొండ ప్రకాశం బజార్‌లో దొరికేవి కూడా పడతాయి, 2,200తో అయిపోతుంది. మూడేళ్లకు మొదటిది 19,500 అవుతుంది, రెండోది 17,600 దగ్గర ఆగుతుంది. తక్కువకు వచ్చిందని సంబరపడ్డది ఎక్కువ తిన్నది.

ధర పోల్చడం మీకు నేర్పక్కర్లేదు. దసరా ఆఫర్లలో 18,000 కొట్టేసి 7,999 అని పక్కన రాస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగండి. బైహట్‌కే, కీపా లాంటి పాత ధరలు చూపే సైట్లలో ఆ వస్తువు గత కొన్ని నెలల్లో ఏ ధరకు అమ్ముడుపోయిందో గీత గీసి చూపిస్తారు. రెండు నెలల కింద కూడా 8,200కే ఉంటే ఆ 18,000 ఎవరూ ఎప్పుడూ ఇవ్వని ధర. ఫోన్‌లో చూసిన ధర పట్టుకుని మన ఊరి షాపుకు పోయి అడగడంలో కూడా తప్పు లేదు. ఐదారు వందలు ఎక్కువైనా, చెడిపోతే రేపు పొద్దున వచ్చే మనిషి ఉన్నాడంటే నేనైతే షాపులోనే కొంటాను.

ఫ్రిజ్, ఏసీ కొనేటప్పుడు కరెంటు పొదుపును చూపే బీఈఈ స్టార్ లేబుల్ మీద సంవత్సరం కూడా చూడండి, ఆ కొలతలు మధ్యమధ్యలో కఠినం చేస్తుంటారు కాబట్టి పాత సంవత్సరపు ఐదు స్టార్లు కొత్త ఐదు స్టార్లకు సమానం కావు. మోటారుకు, వైర్లకు ఐఎస్ఐ గుర్తు కింద ఉన్న లైసెన్సు నంబరును, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది నిజమైనదా కాదా తేలిపోతుంది. మన దగ్గర మోటారు కాలితే ఒక పంట పోయినట్టే, ఆ నిమిషం పనిని బద్ధకించకండి.

ఇప్పుడు స్టార్ల గురించి. ఐదు స్టార్లవి చివర్లో చదవండి. ముందు రెండు, మూడు స్టార్లవి, అవి కూడా కొత్త తేదీలవి చదవండి. అక్కడ రాసేవాళ్లకు వస్తువు మీద కోపమూ ఉంటుంది, కొంచెం ఇష్టమూ ఉంటుంది, అందుకని వివరం ఉంటుంది. "డెలివరీ ఫాస్ట్, ప్యాకింగ్ సూపర్" అని రాసింది కొరియర్ పిల్లవాడి మీద రాసిన రివ్యూ, ఫిల్టర్ మీద కాదు. వచ్చిన రోజే రాసిన రివ్యూ కూడా అంతే. డబ్బా విప్పిన సాయంత్రం అన్ని ఫిల్టర్లూ మంచి నీళ్లే ఇస్తాయి.

డబ్బాలో ఒక్కోసారి రంగుల కార్డు వస్తుంది. ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేస్తే వంద రూపాయలో, ఒక ఫిల్టరో ఫ్రీ అని. నేను బాగుచేసే ఇళ్లలో అట్లాంటి కార్డులు చాలా చూశాను, ఫిల్టర్ వెనక గోడకు గుచ్చి పెడతారు. పంపినవాళ్లను నేను తప్పుపట్టను, మన ఇళ్లలో వంద రూపాయలు వంద రూపాయలే. కానీ ఆ వందకు మీరు ఇచ్చిన ఐదు స్టార్లు చూసి పక్క ఊరి పిల్లవాడు వాళ్ల అమ్మకు అదే కొంటాడు. డబ్బిచ్చి రాయించుకున్న రివ్యూలు పెట్టొద్దని 2022 నవంబరులో బీఐఎస్ తెచ్చిన ఐఎస్ 19000 ప్రమాణం చెబుతోంది. అమ్మేవాడే కొన్నవాడిలాగా రివ్యూ రాసుకోకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లోనే ఉంది. ఐఎస్ 19000 పాటించడం కంపెనీల ఇష్టానికి వదిలేసిన ప్రమాణం కాబట్టి పూర్తిగా దాని మీద ఆధారపడలేం. ఆ కార్డు చించి పారేయడం మన చేతిలో పని.

ఒక విషయంలో గట్టిగా చెబుతున్నాను, భయపెట్టడానికి కాదు. చెడిపోయినప్పుడు కస్టమర్ కేర్ నంబరు నెట్‌లో వెతక్కండి. మ్యాపుల్లో కంపెనీ పేరు, బొమ్మ పెట్టుకుని, కింద వందల రివ్యూలతో కనబడే సర్వీసు సెంటర్లలో కంపెనీతో సంబంధం లేనివి ఉంటాయి. మంచిగున్న మెంబ్రేన్ పాడైందని చెప్పి, పాతది కడిగి కొత్తదని బిగించి మూడు వేలు తీసుకుపోయిన ఇళ్లు నాకు తెలుసు. కొందరు ఫోన్‌లో ఏదో యాప్ వేయించి ఖాతానే ఊడుస్తారు. వారంటీ కార్డు మీద ఉన్న నంబరుకు, లేదా ఆర్డర్ పెట్టిన యాప్‌లోంచే చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వస్తువు మోసమైతే 1915 ఉంది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ నల్లగొండలోనూ ఉంది, మహబూబ్‌నగర్‌లోనూ ఉంది. అమ్మిన కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. మీరు కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. బిల్లు, ఆర్డర్ స్క్రీన్‌షాట్, అప్పటి ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి. మన ఇళ్లలో డబ్బా దాస్తారు, బిల్లు పారేస్తారు.

ఇక రాసే పని. కొన్న రోజు రాయొద్దు. మొదటిసారి ఫిల్టర్లు మార్చిన రోజు రాయండి. తెలుగులో రాయండి. మీ అమ్మ వయసు ఆమె చదివితే అర్థం కావాలి. మండలం పేరు చాలు, ఇంటి అడ్రసు అక్కర్లేదు. ఏ నీళ్లు, ముందు టీడీఎస్ ఎంత, తర్వాత ఎంత, ఎన్ని నెలలకు ఏది మార్చారు, ఎంతయింది, మెకానిక్ ఎన్ని రోజులకు వచ్చాడు. ఇవి రాస్తే ఐదు లైన్లు కూడా కావు. ఫిల్టర్ ఒక్కటే కాదు. మన ఎండలకు కూలర్ ఎట్లా ఆగింది, మన కరెంటు హెచ్చుతగ్గులకు ఫ్రిజ్ ఏమైంది, మన రోడ్ల మీద ఎలక్ట్రిక్ స్కూటర్ ఒక్క చార్జింగ్‌తో నిజంగా ఎన్ని కిలోమీటర్లు పోయింది, ఇవన్నీ ఇక్కడ ఉన్నవాళ్లకే తెలుస్తాయి. బాగుంటే బాగుందనే రాయండి, మంచి వస్తువును మెచ్చుకోకపోవడం కూడా అన్యాయమే.

యాప్‌లు నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదివితే వాళ్లకూ ఒక విన్నపం. వాటర్ ఫిల్టర్ రివ్యూ రాసే చోట బోరు నీళ్లా, కుళాయి నీళ్లా అని ఒక్క ప్రశ్న పెట్టండి. చదివేవాళ్లు తమ లాంటి నీళ్లున్నవాళ్ల రివ్యూలను వేరుగా చూసుకునేట్టు చేయండి. చెప్పుల సైజు సరిపోయిందా అని అడుగుతున్నారు, తాగే నీళ్ల గురించి ఎందుకు అడగరు?

మర్రిగూడ దగ్గరి ఆ అమ్మాయి ఆ సాయంత్రమే స్క్రూ పూర్తిగా మూయించి, మెంబ్రేన్ మార్పించింది. పదిహేను రోజుల తర్వాత నీళ్లు మళ్లీ ల్యాబ్‌కు పంపి, కాగితం వచ్చాక రివ్యూ రాసింది. నాకు పంపింది, ఉన్నదున్నట్టు కింద పెడుతున్నాను:

"మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. బోరు నీళ్లు. టీడీఎస్ 1,150, ఫ్లోరైడ్ 4.1. బిగించేటప్పుడు టీడీఎస్ స్క్రూ తెరిచి పెట్టారు. అట్లా ఎనిమిది నెలలు తాగాం, ఫ్లోరైడ్ 1.6 వచ్చింది. స్క్రూ మూసి మెంబ్రేన్ మార్చాక టీడీఎస్ 95, ఫ్లోరైడ్ 0.4. నీళ్లు మొదట చప్పగా అనిపిస్తాయి, వారంలో అలవాటైంది. మెంబ్రేన్ ఏడాది రాదు, ఆ ఖర్చు కలుపుకుని చూసుకోండి. కంపెనీకి ఫోన్ చేస్తే 11 రోజులకు వస్తామన్నారు, ఊరి మెకానిక్‌తో చేయించాం. మా లాంటి నీళ్లుంటే బిగించే రోజే దగ్గరుండి స్క్రూ మూయించండి. మూడు స్టార్లు."

నెల దాటాక ఆ వస్తువు కింద ప్రశ్నలు అడిగే చోట ఒకతను తెలుగులో అడిగాడు. "అక్కా, మాది నాంపల్లి. ఆ స్క్రూ ఏ దిక్కు తిప్పితే మూసుకుంటది?" ఆ పిల్ల నాకు ఫోన్ చేసి, సరిగ్గా కనుక్కుని, జవాబు రాసింది.

ఇట్లు,
మునుగోడు వైపు తిరిగే ఒక వాటర్ ఫిల్టర్ మెకానిక్